కుటుంబ యజమాని పేరు

"ఎలాగూ ఖాళీగానే ఉంటావుగా, ఓ పది రోజులు వెళ్ళిరా" అన్నాడు జనార్దనరావు, చెంపల మీద షేవింగ్ సబ్బు నురగ ఆరకుండానే.

ఆ మాట అనే సమయానికి హైమవతి చేతులు చేటలో రేషను బియ్యం ఏరుతున్నాయి. ఒక చెవి స్టవ్ మీద పాల దగ్గర ఉంది. రెండో చెవి, బాత్రూమ్ లోంచి "మమ్మీ, మేరా తౌలియా!" అని తువాలు కోసం అరుస్తున్న కూతురు భానుమతి దగ్గర ఉంది. ఇవి కాక, పూజ మూల నుంచి అత్తగారు రాజేశ్వరమ్మ గంట వాయించడం ఆపితే కాఫీ పెట్టాలి కాబట్టి, ఆ గంట ఎప్పుడు ఆగుతుందా అని కూడా వింటోంది. ఖాళీ అన్న మాట ఆ సమయంలో ఎలా దూరిందో ఆమెకి అర్థం కాలేదు.

ఢిల్లీ సరోజినీ నగర్ ప్రభుత్వ క్వార్టర్లో రెండు గదులూ ఒక వరండా ఉన్న ఇల్లు అది. ఏషియాడ్ ఆటలు ముగిసి మూడు నెలలైంది. జనార్దనరావు ఒక ప్రభుత్వ విభాగంలో రీసెర్చ్ ఆఫీసరు. ఆ మధ్య వాళ్ళ ఆఫీసులో పెద్దవాళ్ళకెవరికో ఓ ఆలోచన వచ్చింది. రేషను షాపులకి గోధుమలు, పంచదార, కిరసనాయిలు తక్కువ ధరకి పంపి ఆ నష్టం ప్రభుత్వం భరించే బదులు, ఆ డబ్బేదో నేరుగా పేదవాళ్ళ ఇళ్ళకే నెలనెలా మనియార్డరు చేస్తే ఎలా ఉంటుంది? మధ్యలో దుకాణదారు తినడు, ఎలకలు తినవు. ముందు ఒక్క బస్తీలో చేసి చూద్దామనుకున్నారు. మునిర్కా అవతల రాళ్ళ గుట్టల్లో, స్టేడియంలు కట్టడానికి పాలమూరు నుంచి వచ్చి ఇక్కడే ఉండిపోయిన కూలీల గుడిసెలు నూట యాభై దాకా ఉన్నాయి. అక్కడికి ఇల్లిల్లూ తిరిగి ఫారాలు నింపాలి. ఆఫీసులో ఉన్న సర్వే కుర్రాళ్ళకి తెలుగు రాదు, పైగా ఆ రాళ్ళల్లో నడవడానికి ఇష్టం లేదు.

"నీకు తెలుగొచ్చు, హిందీ వచ్చు. ఎకనమిక్స్ ఎమ్మే చేశావు. ఇన్నాళ్ళకి ఆ డిగ్రీకి ఓ పని దొరికింది, సంతోషించు" అన్నాడు, అద్దంలో తనని తాను చూసుకుంటూ.

ఆ డిగ్రీకి అంతకు ముందే పని దొరికింది. పదిహేడేళ్ళ క్రితం కాకినాడ ఆడపిల్లల కాలేజీలో ట్యూటరుగా చేరి నాలుగు నెలలు పాఠాలు చెప్పింది. ఇతనికి ఢిల్లీ ఉద్యోగం వచ్చినప్పుడు, "రెండేళ్ళేగా, మళ్ళీ వెనక్కి వచ్చేస్తాం, అప్పుడు చేరుదువుగాని" అన్నారు ఇంట్లో అందరూ. ఆ రెండేళ్ళు ఇంకా అవలేదు. ఈ పదిహేడేళ్ళలో ఆమె తెల్లవారకుండా లేచి కొళాయి ఆగిపోయేలోగా నీళ్ళు పట్టింది, గ్యాసు సిలిండరు కోసం, పాల బూతు ముందు, రేషను షాపు ముందు నిలబడింది, అత్తగారి మడికీ మరిది పరీక్షలకీ కూతురి స్కూలుకీ వేర్వేరు వేళల్లో వేర్వేరుగా వండింది. ఆ వంట మీద అత్తగారు "ఎమ్మే చదివిన చెయ్యి కదమ్మా, పులుసులో ఉప్పు అడుక్కోవాలి" అంటే నవ్వేసింది. అన్నీ చేసి మధ్యాహ్నం మూడింటికి ఓ పావుగంట మంచం మీద నడుం వాలిస్తే, సరిగ్గా ఆ పావుగంటలోనే ఎవరో ఒకరు తలుపు తీసి చూస్తారు. అందరి కళ్ళలోనూ నిలిచిపోయేది ఆ పావుగంటే. అదీ ఆమె ఖాళీ.

ఆమెకి నిజంగా ఒళ్ళు మండింది మాత్రం మొగుడి మీద కాదు, తన మీదే. కోపం రావలసిన చోట ఆమెకి సంతోషం వేసింది. ఇల్లు దాటి, బస్సెక్కి, చేతిలో కాగితాలు పట్టుకుని ఓ పని మీద వెళ్ళడం! ఆ రోజే బీరువాలోంచి నేత చీర తీసి ఇస్త్రీకి పంపింది.

ఇంటి పని ఎవరు చేస్తారని ఎవరూ అడగలేదు, ఆమె కూడా అడగలేదు. గంట ముందు లేచి అన్నీ వండి మూతలు పెట్టి వెళ్ళేది. "ఈ వయసులో నన్ను చల్లారిన అన్నం తినమంటావా?" అని అత్తగారు రోజూ గుమ్మం దగ్గర అడిగేది. పన్నెండు రోజులూ అడిగింది.

ఫారం ఇంగ్లీషులో ఉంది. మొదటి గడి, కుటుంబ యజమాని పేరు. తర్వాత వయసు, పని, రేషను కార్డు నంబరు, నగదు కావాలా ధాన్యం కావాలా. హైమవతి వెళ్ళే వేళకి మగవాళ్ళు పనికోసం అడ్డా మీదకి పోయి ఉండేవారు, లేదా రాళ్ళ నీడన కూర్చుని బీడీలు కాల్చేవారు. జవాబులన్నీ ఆడవాళ్ళే చెప్పారు. రేషను కార్డు ఎక్కడుందో, గోధుమలు ఎన్ని వారాలు సరిపోతాయో, కిరసనాయిలు ఎప్పుడు నిండుకుంటుందో అన్నీ వాళ్ళకే తెలుసు. మొదటి గడిలో మాత్రం వరసగా మగవాళ్ళ పేర్లు పడుతూ పోయాయి.

మూడో రోజు హైమవతి అన్నమ్మ అనే ఆమె గుడిసె ముందు కూర్చుంది. ముప్పై ఏళ్ళుంటాయి అన్నమ్మకి. స్టేడియంలో జనం కూర్చునే మెట్లకి కాంక్రీటు తట్టలు మోసి నడుం పట్టేసింది, అది మళ్ళీ తిరగబెట్టి పదిహేను రోజులుగా ఇంటి దగ్గరే ఉంది. అడగకుండానే చెంబుతో నీళ్ళిచ్చి, కూర్చోమని గోనెసంచి పరిచింది. యజమాని పేరు అడిగితే మల్లేశం అని చెప్పింది. నగదు సంగతి హైమవతి వివరించి చెప్పాక కాసేపు ఆలోచించింది.

"పైసలిచ్చుడు మంచిదే గదక్కా. దుకాణం కాడ ఒక పూట నిలబడితే ఆ పూట కూలి పాయె. నిలబడ్డంక ఖతమ్ అంటడు సేటు. ఇచ్చిన గోధుమలల్ల సగం మట్టే. పైసలే నయం. గని ఎవరి చేతికిస్తరు?"

హైమవతి ఫారం అటూ ఇటూ తిప్పింది. ఆ ప్రశ్న అందులో లేదు. "కుటుంబ యజమానికి" అంది.

"గా యజమాని ఎవరు?"

"ఇందాక మల్లేశం అని చెప్పావు కదమ్మా."

అన్నమ్మ ఫక్కున నవ్వింది. "నా పెనిమిటి పేరు అడిగినవనుకున్న. చెప్పిన. గింజలు తెచ్చేది నేను, వండేది నేను, తక్కువైతే పస్తుండేది నేను. యజమాని అంటే ఎవరో నాకేం ఎరుక? పేరు కొట్టేస్తవా మరి?"

హైమవతి కొట్టెయ్యలేదు. మొగుడు బతికుండగా అతన్ని కాదని పెళ్ళాం పేరు రాస్తే ఆఫీసులో ఒప్పుకోరని తెలుసు. అందుకని ఆ మాటల్ని ఉన్నవున్నట్టు పక్కన ఖాళీ జాగాలో పెన్సిల్తో రాసుకుంది. ఆ తర్వాత నుంచి తనే ఆ ప్రశ్న అందర్నీ అడగడం మొదలుపెట్టింది. అందరూ ఒకే మాట చెప్పలేదు. "గింజలైతే ఇంట్ల కనబడ్తయి, పైసలైతే ఎటువోయినయో తెల్వదు" అంది ఒక ముసలామె. "మా ఆయన కిరసనాయిలు కూడ అమ్ముకుంటడు, ఆయనకు గింజలైతేంది పైసలైతేంది" అని ఇంకొకామె చేతులు తిప్పింది. కానీ ఎవరి చేతికి అన్న దగ్గరకి వచ్చేసరికి ఒక్కరూ తడుముకోలేదు. పన్నెండు రోజులయ్యేసరికి ఫారాల అంచులన్నీ పెన్సిల్ రాతతో నిండిపోయాయి. చివర ఆమె నాలుగు పేజీలు ఇంగ్లీషులో రాసింది. నగదు మంచిదే, అయితే అది వంట చేసే మనిషి పేరున రావాలి, లేకపోతే ఉన్న గింజలు కూడా పోతాయి అని దాని సారాంశం. కాలేజీ వదిలాక అంత పొడుగు ఇంగ్లీషు రాయడం అదే మొదలు. రాస్తున్నంతసేపూ బాగుంది.

జనార్దనరావు వరండాలో కుర్చీ వేసుకుని చదివాడు. "ఫస్ట్ క్లాస్! ఇంత నీటుగా మా వాళ్ళు కూడా చెయ్యరు. మరి ఈ మార్జిన్లో కబుర్లేంటి?"

"కబుర్లు కాదండీ, అసలు సంగతి అదే."

"హైమా, టర్మ్స్ ఆఫ్ రిఫరెన్స్ అని ఒకటుంటుంది. నగదా, ధాన్యమా అన్నంతవరకే మన ప్రశ్న. ఎవరి చేతికి అన్నది వాళ్ళ ఇంటి గొడవ. మొగుడూ పెళ్ళాల మధ్యకి గవర్నమెంటు వెళ్ళదు."

"మొగుడి పేరు రాయడంతోనే వెళ్ళినట్టు కదా?"

అతను నవ్వాడు. చిన్నపిల్ల తెలివిగా మాట్లాడితే నవ్వే నవ్వు. "వాదన బాగానే ఉంది గాని, కాస్త కాఫీ పెట్టు."

లోపలి నుంచి రాజేశ్వరమ్మ అందుకుంది. "మగాడుండగా ఆడదాని చేతిలో డబ్బు పెడతారా ఎక్కడైనా? ఎమ్మే చదివి ఏం లాభం?"

ఆమె కాఫీ పెట్టింది. ఆ నాలుగు పేజీలూ టైపుకి వెళ్ళలేదు.

ఏప్రిల్లో మొదటి మనియార్డర్లు వెళ్ళాయని భోజనాల దగ్గర అన్నాడు. మే నెల నడిమిన, ఎండ ముదురుతున్న ఒక ఉదయం తలుపు కొట్టిన చప్పుడైంది. తీస్తే అన్నమ్మ. మునిర్కా నుంచి నడిచి వచ్చింది. వెనక మెట్ల మీద ఇంకో ఇద్దరు ఆడవాళ్ళు.

"సర్కారు క్వార్టర్లల్ల తెలుగక్క ఇల్లు యాడ అని అడుక్కుంట అడుక్కుంట వచ్చినం. నువ్వే రాసుకపోయినవ్ గదక్కా పేరు?"

మార్చిలో ఆ గొంతులో విన్న నవ్వు ఇవాళ లేదు. హైమవతి తలుపు పూర్తిగా తీసింది. "ఏమైంది అన్నమ్మా?"

"మనియార్డరు పట్టుకొని డాకియా వచ్చిండు. మల్లేశం ఎవరన్నడు. ఈయన వేలేసిండు, పైసలు తీసుకున్నడు. తాగిండనుకున్నవా? తాగలె. తాగితె తిట్టుకుంట ఊరుకుందు. రేడియో కొన్నడు! తోలు సంచి ఉన్న రేడియో. గుట్ట మీద కూసొని పాటలు పెడ్తుండు, సుట్టూ పదిమంది. దుకాణానికి పోతె సేటు కార్డు మీద ముద్దర సూపిచ్చి, నీకు నగదొస్తది, నీకిక గోధుమలు లెవ్వు పో అన్నడు. నువ్వు చెప్పక్కా, పిల్లలకు రేడియో ఉడకబెట్టి పెట్టాల్నా?"

ఇన్నాళ్ళూ ఆ గడి నింపినందుకు హైమవతికి మనసులో ఎక్కడో ముల్లు ఉంటూనే ఉంది గాని, అది ఇలా మూడు ప్రాణాలై మెట్ల మీద నిలబడుతుందనుకోలేదు. లోపలికి వెళ్ళి డబ్బాలో ఉన్న బియ్యం, కందిపప్పు తెచ్చి ముగ్గురి కొంగుల్లోనూ పోసింది. "నెలాఖరుకి మనం ఏం తినాలమ్మా? ఊరందరికీ అన్నదానమా?" అని అత్తగారు గట్టిగానే అంది. అన్నమ్మ ఆ మాట విని కొంగు ముడి వేసుకుంటూ, "బియ్యానికి రాలె పెద్దమ్మా, పేరు మార్పియ్యమని వచ్చిన" అంది.

ఆ సాయంత్రం హైమవతి మొగుణ్ణి అడిగింది.

"మార్చొచ్చు. ప్రొవిజన్ ఉంది. దరఖాస్తు పెట్టుకోవాలి, యజమాని అంగీకార పత్రం జత చెయ్యాలి" అన్నాడు పేపరు మడవకుండానే.

"అంటే ఆ డబ్బు ఆమెకివ్వాలంటే ముందు అతను ఒప్పుకోవాలా?"

"అతని డబ్బు కదా మరి."

"గవర్నమెంటు డబ్బు."

"అతని పేరున వచ్చింది కదా, హైమా!"

"ఆ పేరు నేను రాశానండీ."

అతను పేపరు కిందకి దించి ఆమెని ఓ క్షణం చూశాడు. "నువ్వు మరీ మనసుకి పట్టించుకుంటున్నావు. అసలు నిన్ను పంపడమే నాది తప్పు" అన్నాడు.

మరుసటి వారం నుంచి మంగళవారం, శుక్రవారం హైమవతి బస్తీకి వెళ్ళింది. ఈసారి ఎవరూ వెళ్ళమనలేదు. ఇంట్లో సరోజినీ మార్కెట్టుకి అని చెప్పింది. రాళ్ళ మీద కూర్చుని ఆడవాళ్ళకి ఒక్కొక్కరికీ దరఖాస్తు రాసింది. మొగుళ్ళ వేలిముద్రలు తేవడం మాత్రం వాళ్ళ వంతు. ఎవరెలా తెచ్చారో విన్నప్పుడు ఆమెకి నవ్వాలో ఏడవాలో తెలిసేది కాదు. ఒకామె మొగుడి కాళ్ళు పట్టుకుంది. ఒకామె మొగుడు వేలెయ్యకపోగా చెయ్యి చేసుకున్నాడు, ఆమె మళ్ళీ రాలేదు. అన్నమ్మ మాత్రం మూడో రోజుకే కాగితం తెచ్చి ఇచ్చింది.

"ఎలా ఒప్పించావే?"

"రేడియో దాచిన. వేలేస్తెనే ఇస్తనన్న. రెండు దినాలు మాట్లాడలె. మూడో దినం క్రికెట్టో ఏందో ఉందట, ఉరుక్కుంట వచ్చి వేలేసిండు."

నలభై మందికి పైగా రాయించుకుంటే పందొమ్మిది మంది అంగీకార పత్రాలు తేగలిగారు. ఆ కాగితాలన్నీ హైమవతి ఒక ఫైల్లో పెట్టింది. అయితే వాటిని ఆఫీసులో ఇవ్వమంటే జనార్దనరావు రేపు ఇస్తా, ఎల్లుండి ఇస్తా అంటూ జూన్ నెల దాటించాడు.

జూలైలో ఓ ఆదివారం మధ్యాహ్నం ఇంటికి సుందరరామయ్యగారు భోజనానికి వచ్చారు. ఆయన జనార్దనరావు ఆఫీసులో సలహాదారు, పెద్ద పదవి, గుంటూరు మనిషి. గోంగూర తిని ఏడాదైందన్నారని పిలిచారు. మరిది శ్రీరాములు కూడా మునిర్కా నుంచి వచ్చాడు. అతను అక్కడ గది అద్దెకి తీసుకుని రెండేళ్ళుగా సివిల్స్ పరీక్షలకి చదువుతున్నాడు. పెద్దాయన దృష్టిలో పడితే మంచిదని అన్నగారే ప్రత్యేకంగా రమ్మన్నాడు. హైమవతి పొద్దున్నించీ వంటింట్లోనే ఉంది. మగవాళ్ళు ముగ్గురూ కూర్చున్నారు, ఆమె వడ్డిస్తోంది.

"ఏమయ్యా శ్రీరాములూ," అన్నారు సుందరరామయ్యగారు రెండోసారి గోంగూర కలుపుకుంటూ, "నీ సర్వే నాకు భలే నచ్చిందోయ్. ఫారాలు తెప్పించుకుని చూశాను. ఆ మార్జిన్లో పెన్సిల్తో రాసిన మాటలున్నాయి చూడు, అవి అసలు ఫీల్డ్‌వర్క్ అంటే! ఇంటర్వ్యూలో ఈ సంగతి తప్పకుండా చెప్పు. ఆ పనికి నీకు ఇచ్చిన ఆనరేరియం డబ్బు చాలా తక్కువ అనిపించింది నాకు."

హైమవతి చేతిలో చారు గరిటె అలాగే ఆగిపోయింది. శ్రీరాములు కంచంలోకి వంగిపోయి, ఉన్న అన్నాన్నే మళ్ళీ కలపసాగాడు. జనార్దనరావు గబగబా, "హైమా, ఆ వడియాలు తీసుకురా" అన్నాడు.

ఆమె వడియాల కోసం కదల్లేదు. ఆమెకి ఒక్కసారిగా అన్నీ అర్థమయ్యాయి. రిపోర్టు మీద ఎవరి పేరుందో, మార్చిలో శ్రీరాములు కోచింగు ఫీజు ఎక్కడినుంచి వచ్చిందో, అప్పుడు "ఏదో అరియర్స్ వచ్చాయిలే" అని మొగుడు ఎందుకన్నాడో. డబ్బు ఆమెకి తట్టలేదు ముందుగా. ఆ పన్నెండు రోజుల ఎండ తట్టింది, చెప్పు తెగితే చేత్తో పట్టుకుని నడిచిన రాళ్ళు తట్టాయి, చల్లారిన అన్నం గురించి పన్నెండుసార్లు విన్న మాట తట్టింది. అవన్నీ చేసిన మనిషి ఆ కాగితాల్లో ఎక్కడా లేదు. దొంగతనమని కూడా అనుకుని ఉండరు వీళ్ళు. ఇంట్లో వండిన కూర ఎవరు వండారని కంచం మీద రాస్తారా ఎవరైనా? అలా అనుకుని ఉంటారు.

"ఆ రాత నాది సార్" అంది.

పెద్దాయన తలెత్తి, అర్థమైనట్టు పెద్దగా నవ్వారు. "అలాగా అమ్మా! వదినగారు సాయం చేశారన్నమాట. జనార్దనరావ్, యూ ఆర్ ఎ లక్కీ మ్యాన్."

"సాయం కాదు సార్. పన్నెండు రోజులూ నేనే వెళ్ళాను. శ్రీరాములు ఆ బస్తీ మొహం చూడలేదు. కావాలంటే అడగండి."

ఎవరూ అడగలేదు. ఆమె లోపలికి వెళ్ళి ఫైలు తెచ్చి, ఆయన ఎడమ చేతి పక్కన బల్ల మీద పెట్టింది. "రిపోర్టులో పెట్టని నాలుగు పేజీలు ఇందులో ఉన్నాయి. పందొమ్మిది దరఖాస్తులు ఉన్నాయి. మీరు పంపిన డబ్బుతో రేడియోలు వచ్చాయి సార్, గోధుమలు పోయాయి. నగదు తప్పు కాదు. తప్పు మొదటి గడిలో ఉంది."

"చూస్తానమ్మా, తప్పకుండా చూస్తాను" అన్నారాయన ఇబ్బందిగా. తర్వాత ఏదో మంచి మాట అనాలన్నట్టు, "రెండో విడత ఆరువందల కుటుంబాలు అనుకుంటున్నాం. మీలాంటివాళ్ళే చెయ్యాలి" అన్నారు.

"చేస్తాను సార్. ఆర్డరు నా పేరున ఇప్పించండి."

"ఆఫీసరు భార్యని ఆయన కిందే వెయ్యడానికి రూల్స్ ఒప్పుకోవు కదమ్మా."

"తమ్ముడైతే ఒప్పుకున్నాయి కదా సార్."

ఆయన పెరుగన్నం తినకుండానే లేచారు. అయితే ఫైలు మాత్రం తీసుకువెళ్ళారు.

ఆయన స్కూటరు మలుపు తిరగకముందే జనార్దనరావు అరిచాడు. "పదిహేడేళ్ళు నిలబెట్టుకున్న పరువు పదిహేను నిమిషాల్లో తీశావు! నీకేం తక్కువ చేశానని?" ఆమె కంచాలు తీసుకుంటూ వింది. శ్రీరాములు వంటింటి గుమ్మం దాకా వచ్చి, "వదినా, అన్నయ్య సంతకం పెట్టమంటే పెట్టాను" అన్నాడు.

"నువ్వు వెళ్ళలేదని నీకు తెలుసు కదా?"

"తెలుసు" అన్నాడతను చాలా చిన్నగా. ఆ ఒక్క నిజం చెప్పినందుకు ఆమె అతన్ని ఇంకేమీ అనలేదు. అత్తగారు మాత్రం ఆ రోజు నుంచి కోడలితో మాట్లాడడం మానేసింది.

ఆ పందొమ్మిది మంది పేర్లు మారాయి. సుందరరామయ్యగారు అంతవరకు మాట నిలబెట్టుకున్నారు. జూలై నెలాఖరు మనియార్డరు అన్నమ్మ పేరునే వచ్చింది. డాకియా ఇచ్చిన పైసలతో అదే పూట పదిహేను కిలోల బియ్యం, నూనె కొని, మిగిలింది జాకెట్లో దాచానని హైమవతికి చెప్పి మురిసిపోయింది. ఇంకొక్క నెల, అంతే. ఆగస్టు చివర ఆఫీసు నుంచి ఉత్తర్వు వెలువడింది. లబ్ధిదారులు నగదును సక్రమంగా వినియోగించుకోలేదనీ, రేడియోలు, సారా మొదలైన అనవసర ఖర్చులకు మళ్ళించారనీ, పేద ప్రజలు నగదు సహాయానికి ఇంకా సిద్ధంగా లేరనీ, కాబట్టి ప్రయోగం ముగించి మళ్ళీ ధాన్యమే ఇవ్వాలనీ. ఆ పందొమ్మిది ఇళ్ళలో ఏం జరిగిందో ఎవరూ వెళ్ళి చూడలేదు. ఆ ఉత్తర్వుకి చిత్తుప్రతి రాసింది జనార్దనరావే. చక్కటి ఇంగ్లీషు.

హైమవతి ఆ కాపీ రెండుసార్లు చదివింది. పేదవాళ్ళు సిద్ధంగా లేరట. వేలేసింది ఎవరు, పస్తున్నది ఎవరు, అంతా కలిపి పేదవాళ్ళు. ఎవరి చేతికి ఇచ్చారో చెప్పకుండా ఎవరు పాడుచేశారో తేల్చేశారు. ఆమెకి అరవాలనిపించింది గాని, అరిస్తే వినేది పక్క క్వార్టరు వాళ్ళే. ఊరికే కూర్చుంటే లాభం లేదనుకుంది. యూనివర్సిటీ వైపు ఒక పరిశోధన సంస్థ, ఇళ్ళు తిరిగి లెక్కలు సేకరించే మనుషులు కావాలని పేపర్లో ప్రకటన వేసింది. తాత్కాలిక ఉద్యోగం, జీతం కూడా గొప్పదేమీ కాదు. మరుసటి మధ్యాహ్నం, నడుం వాల్చే ఆ పావుగంట వేళ, భోజనాల బల్ల దగ్గర కూర్చుని దరఖాస్తు రాయడం మొదలుపెట్టింది. ఎవర్నీ అడగలేదు. ఇంట్లో ఉద్యోగం వచ్చాక చెప్పవచ్చు.

బయట వాన పడుతోంది. రాజేశ్వరమ్మ గదిలోంచి వచ్చి ఎదురు కుర్చీలో కూర్చుంది. నెలన్నర తర్వాత మొదటిసారి నోరు విప్పింది.

"కూలివాళ్ళకి కూడా రాసిపెట్టావుట దరఖాస్తులు."

"ఇది నాకే రాసుకుంటున్నాను అత్తయ్యా. ఉద్యోగానికి."

మొదలుపెడుతుందని హైమవతి సిద్ధపడింది. వయసు, ఇల్లు, చల్లారిన అన్నం. పెద్దావిడ మొదలుపెట్టలేదు. కిటికీ వంక చూస్తూ, ఎవరితోనో అన్నట్టుగా, "రాజమండ్రిలో మా చెల్లెలికి బాగాలేదని ఉత్తరం వచ్చి మూడు నెలలైంది" అంది. "టిక్కెట్టు కొనమంటే ఇప్పుడెందుకమ్మా అన్నాడు. మళ్ళీ అడిగాను. సెలవుల్లో చూద్దాం అన్నాడు. మొన్న మూడోసారి అడిగితే, అంత డబ్బు ఎక్కడినుంచి తెమ్మంటావన్నాడు."

హైమవతి కలం ఆపింది. మామగారు పోస్టల్ శాఖలో పనిచేసి పోయారు. ఆయన పోయినప్పటి నుంచీ, పదకొండేళ్ళుగా, ప్రతి నెలా ఈవిడకి పెన్షను వస్తోంది. ప్రతి నెలా ఈవిడ ఒక కాగితం వెనక సంతకం పెట్టి కొడుక్కిస్తుంది. కొడుకు బ్యాంకు నుంచి తెచ్చుకుంటాడు. అదెంతో ఈవిడ ఎప్పుడూ అడగలేదు. ఈ ఇంటికి కోడలిగా వచ్చిన తనకి కూడా అడగాలని తోచలేదు. బస్తీలో వందకి పైగా గుమ్మాల ముందు అడిగిన ప్రశ్న సొంత ఇంట్లో అడగలేదు.

"నా మొగుడి పెన్షనే కదే అది?" అంది రాజేశ్వరమ్మ. గొంతులో కోపం లేదు, నిజంగానే తెలియక అడుగుతున్నట్టుంది.

"మీదే అత్తయ్యా. చట్టప్రకారం మీ ఒక్కరిదే."

పెద్దావిడ చెయ్యి చాచి, కోడలి ముందున్న తెల్లకాగితాల్లో ఒకటి లాగి ఆమె వైపే తోసింది.

"నీది తర్వాత రాసుకుందువుగాని. ముందు ఆ బ్యాంకువాళ్ళకి నాకొకటి రాసిపెట్టు. వాడి సంతకం అక్కర్లేకుండా రాయి."